తంజావూరు రాజమందిరంలో దేవుళ్ళు

తంజావూరు వెళ్ళింది దేవుళ్ళను చూడటానికి కాదు. అక్కడి సరస్వతీ మహల్ గ్రంథాలయంలో యక్షగానాల తాళపత్ర ప్రతులు కొన్ని చూడవలసి ఉండి వెళ్ళాను. గ్రంథాలయం ఉన్నది పాత రాజమందిరం ఆవరణలోనే. అదే ఆవరణలో, 1951లో ఏర్పడిన కళామందిరం ఒకటి ఉంది. తంజావూరు జిల్లా పల్లెల గుళ్ళలో నుంచీ నేల పొరల్లో నుంచీ వచ్చిన రాతి విగ్రహాలు, కంచు విగ్రహాలు అందులో ఉన్నాయి. ఆ ఊళ్ళో చిరకాలం అధ్యాపకత్వం చేసి విశ్రాంతి తీసుకున్న మిత్రుడొకాయన నా వెంట ఉన్నాడు.

"మీకు అక్కడేముంది మాస్టారూ, అన్నీ దేవుళ్ళే గదా" అన్నాడు నవ్వుతూ.

ఆ ఎత్తిపొడుపు నాకు కొత్తది కాదు. అభ్యుదయ రచయితకు గుడి గురించీ దేవుడి గురించీ ముందే తయారైన తీర్పు ఒకటి ఉంటుందని లోకం అనుకుంటుంది. లోకం అనుకోవడంలో పొరపాటు కూడా లేదు. ఆ తీర్పు నా జేబులోనూ ఉంది: భూస్వామ్య యుగపు కళ, రాజుల దర్పానికీ పురోహితుల పెత్తనానికీ పనిముట్టు, శ్రమజీవి కడుపు కొట్టి కట్టిన సౌందర్యం. ఇందులో ఏ ఒక్క మాటా అబద్ధం కాదు. అయినా ఆ మధ్యాహ్నం ఆ తీర్పు నాకు చాలలేదు. ఎందుకు చాలలేదో చెప్పుకోవడం నా ఒక్కడి అవసరం కాదు. గత సాహిత్యాన్ని ఎలా చదవాలన్న మన పాత తగాదాకు కూడా అది సంబంధించింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ భవనం సంగతి. దానికి పునాది వేసిన వాళ్ళు తంజావూరు నాయకులు. రఘునాథ నాయకుడూ, అతని కొడుకు విజయరాఘవుడూ తెలుగు కవులను పోషించి, తామూ తెలుగులో రాసిన కొలువు ఇక్కడిదే. చేమకూర వేంకటకవి, రామభద్రాంబ, రంగాజమ్మ ఈ కొలువులోని వారే. 1673లో మధుర నాయకుల దాడిలో విజయరాఘవుడు చనిపోయాడు. ఆ తరువాత కొద్ది ఏళ్ళకే మరాఠాలు వచ్చారు, కోటను పెంచారు, తెలుగును మాత్రం తీసివేయలేదు. 1855లో వారసుడు లేడన్న సాకుతో ఇంగ్లీషువాళ్ళు ఆ రాజ్యం ముగించారు. అలా రాజులు పోయిన ఇంట్లోకి వందేళ్ళ తరువాత దేవుళ్ళు వచ్చి చేరారు. గుళ్ళో వాళ్ళకు పూజారులుండేవారు, ఇక్కడ కాపలాదార్లు ఉన్నారు. గుళ్ళో నైవేద్యం ఉండేది, ఇక్కడ వివరాల చీటీ ఉంది.

తిరువెన్‌కాడు నుంచి వచ్చిన వృషభవాహన శివుడి ముందు నా అడుగు ఆగింది. మూడున్నర అడుగుల కంచు విగ్రహం. ఒక కాలు మీద బరువు వేసి, రెండో కాలు అడ్డంగా తేల్చి, చేయి పక్కనున్న ఎద్దు మీద ఆనించి నిలబడ్డాడు. జుట్టు తలపాగాలా చుట్టుకుని ఉంది. ముఖంలో అలసట లేదు, దర్పమూ లేదు. పొలం పని చూసుకుని గట్టు మీద నిలబడిన పడుచువాడి నింపాది ఉంది. పక్కన పార్వతి. ఎద్దు మాత్రం లేదు. ఎప్పుడో ఎక్కడో పోయింది. చేయి మాత్రం గాలిలో అలాగే ఆని ఉంది.

తిరువెన్‌కాడు గుడిలోని శాసనాలను బట్టి ఈ శివుణ్ణి ప్రతిష్ఠించింది 1011లో, దేవిని మరుసటి ఏడు. అంటే తంజావూరు పెద్దగుడి పూర్తయిన వెంటనే, రాజరాజ చోళుడి చివరి రోజుల్లో. వెయ్యేళ్ళు దాటింది.

"ఏం మాస్టారూ, మాట్లాడటం లేదేం?" అన్నాడు మిత్రుడు. జవాబు చెప్పలేదు. జేబులోని తీర్పు తీసి దానికి అంటిద్దామని చూస్తున్నాను. అంటుకోవడం లేదు. పనిముట్టు అన్నాం సరే, పనిముట్టుకు ఇంత అందం ఏం పని?

ఆ ప్రశ్న అంత అమాయకమైనదేమీ కాదు. ఈ కంచు విగ్రహాలు ఉత్సవమూర్తులు. గర్భగుడిలోని రాతి మూర్తి కదలదు. ఊరేగడానికి ఇవి కావాలి. అందుకే పీఠాలకు మోత కర్రలు దూర్చే కడియాలూ రంధ్రాలూ ఉంటాయి. ఊరేగింపు నాడు విగ్రహానికి పట్టు కడతారు, నగలు పెడతారు, దండలు వేస్తారు. అన్నీ అయ్యాక భక్తుడికి కనిపించేది ముఖమూ, ఒకటి రెండు చేతులూ. మ్యూజియంలో మనం నిలబడి మెచ్చుకునే నడుము వంపు, వీపు మీది వెన్ను గాడి, తొడ మీద బట్ట మడతల రేఖలు ఏ భక్తుడూ చూసి ఎరగడు. ఆ సంగతి పోత పోసినవాడికి తెలుసు. తెలిసీ వీపును కూడా ముఖమంత శ్రద్ధగా చేశాడు.

కొలతలు శాస్త్రం చెప్పి ఉండవచ్చు. ధాత చెల్లించినది పుణ్యం కోసమూ పేరు కోసమూ కావచ్చు. ఆ కొలతలతోనే, ఆ ధాతల సొమ్ముతోనే ఎన్నో సాదా విగ్రహాలు కూడా తయారయ్యాయి. ఆ గదుల్లోనే ఉన్నాయి. శాస్త్రమూ సొమ్మూ ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? చేతిలో నుంచి వచ్చింది. కొన్నవాడు అడిగిన దానికంటే చేసినవాడు ఎక్కువ ఇచ్చాడు. ఆ ఎక్కువను పాలకవర్గ భావజాలం కింద జమకడితే, చేసినవాడి సొత్తును రెండోసారి కొన్నవాడికే రాసిచ్చినట్టవుతుంది. ఆ పని చేసేది మనమే అయితే అది మరీ విచిత్రం.

ఆ పని ఎలాంటిదో కుంభకోణం దగ్గర స్వామిమలైలో ఇప్పటికీ చూడవచ్చు. మైనంలో గుగ్గిలం, నూనె కలిపి మొదట బొమ్మ చేస్తారు. దాని మీద కావేరి ఒండ్రు మట్టి పల్చగా పూసి ఆరబెడతారు, మళ్ళీ పూస్తారు. చివరి పొరలు మందంగా వేసి ఇనుప తీగతో కట్టి కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది. లోపల మిగిలిన ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టి అచ్చు పగలగొడతారు. కాబట్టి ఒక అచ్చుకు ఒకే విగ్రహం. పోత చెడితే మళ్ళీ మైనం దగ్గర నుంచి మొదలుపెట్టాలి. ఆ తరువాత ఉలీ ఆకురాయీ పట్టి రోజుల తరబడి పని. వేడి ముందు కూర్చున్నవాడి ఒళ్ళూ, లోహం రంగు చూసి వేడి పసిగట్టే కన్నూ, తండ్రి నుంచి కొడుకుకు వచ్చిన లెక్కా అన్నీ అందులో ఉన్నాయి. ఇది ధ్యానంలో దొరికేది కాదు, పనిలో దొరికేది.

ఈ మాట ఎందుకంటున్నానంటే, మన శిల్పాన్ని ప్రపంచానికి పరిచయం చేసిన ఆనంద కుమారస్వామి వంటి పెద్దలు దీన్ని మొత్తంగా ఆధ్యాత్మికం చేసి చెప్పారు. ఆయన పుస్తకం 'శివ తాండవం' 1918లో వచ్చింది. పాశ్చాత్యులు మన దేవుళ్ళను వికృత రూపాలని ఈసడిస్తున్న రోజుల్లో ఆయన చేసిన వాదం గొప్ప మేలు చేసింది. ఆ రుణం మరిచిపోకూడదు. కాని సంప్రదాయ శిల్పి తన పేరు చెప్పుకోకపోవడం ఒక ఆదర్శమనీ, అహంకారం విడిచిన స్థితి అనీ ఆయన చెప్పిన మాటను ఒప్పుకోవడం కష్టం.

తంజావూరు పెద్దగుడి గోడలే దానికి అడ్డం చెబుతున్నాయి. ఆ గోడల మీద రాజరాజు చెక్కించిన శాసనాల్లో పేర్లకు కొదవ లేదు. గుడికి తెచ్చిన 400 మంది ఆటకత్తెల పేర్లున్నాయి. ఎవరు ఏ గుడి నుంచి వచ్చారో, ఏ వీధిలో ఎన్నో ఇల్లు ఇచ్చారో, ఒక్కొక్కరికి ఏడాదికి వంద కలాల వడ్లు ఎలా ఏర్పాటు చేశారో రాసి ఉంది. మద్దెలగాళ్ళు, గాయకులు, కుమ్మర్లు, చాకళ్ళు, మంగళ్ళు, కుట్టుపనివాళ్ళు, కంసాలి అందరికీ వాటాలున్నాయి. గుడి కట్టిన పెద్ద వడ్రంగి కుంజరమల్లన్ పేరు కూడా ఉంది. అంటే పేరు చెప్పుకోవడం తప్పని ఆ కాలం అనుకోలేదు. వడ్ల లెక్క రాయవలసిన చోట పేరు రాశారు, బిరుదు ఇవ్వదలుచుకున్న చోట పేరు రాశారు. రాయనవసరం లేదనుకున్న చోట రాయలేదు. తిరువెన్‌కాడు శివుడికి ఇచ్చినవారి పేరు మిగిలింది, పోసినవాడి పేరు మిగలలేదు. దీన్ని వినయం అనడం కంటే లెక్క అనడం సబబు.

అదే శాసనాల్లో ఇంకో పద్దు ఉంది. గుడికి రాసిచ్చిన ఊళ్ళలో పన్ను పడని నేల ఏదో చెప్పే జాబితా. ఊరు ఉన్న చోటు, గుళ్ళు, చెరువులు, కాలువలు, పరైచ్చేరి, కమ్మాణచ్చేరి, శ్మశానం. పరైచ్చేరి మాల మాదిగల వంటి అస్పృశ్యుల పేట. కమ్మాణచ్చేరి కమ్మరి, కంసాలి మొదలైన చేతిపనివాళ్ళ పేట. దేవుణ్ణి పోత పోసే చేతులూ, దేవుడికి అన్నం పండించే చేతులూ ఆ జాబితాలో శ్మశానం పక్కన ఉన్నాయి. వెయ్యేళ్ళ కిందటి రాయి ఇంత సూటిగా చెబుతుంటే మనం వేరే సిద్ధాంతం తెచ్చిపెట్టనక్కరలేదు. చదివితే చాలు.

మరి ఆ కంచు ఎక్కడిది? కావేరి డెల్టాలో రాగి గనులు లేవు, తగరం లేదు. ఉన్నది ఒండ్రు మట్టి, నీళ్ళు, వరి. వరి మిగులు లేకపోతే బయటి నుంచి లోహం రాదు, పోతపని లేదు, శివుడు లేడు. ఆ మిగులు ఎవరిదో అదే జిల్లా చెప్పింది, చాలా ఆలస్యంగా, చాలా దారుణంగా. 1968 డిసెంబరు 25 రాత్రి అప్పటి తంజావూరు జిల్లాలోని కీళవెణ్మణిలో, కూలి పెంచమన్న గొడవలో, 44 మంది దళిత కూలీలనూ వాళ్ళ ఆడవాళ్ళనూ పిల్లలనూ ఒక గుడిసెలో తగలబెట్టారు. తిరువెన్‌కాడు ఉన్న జిల్లా కూడా అప్పుడు అదే. నేను శివుణ్ణి చూస్తూ వెణ్మణిని గుర్తు చేసుకోవడం కొందరికి అసందర్భంగా తోచవచ్చు. కాని ఆ రెండింటినీ తయారుచేసిన పొలం ఒకటే.

ఇంతవరకు చెప్పినది నా జేబులోని తీర్పుకు బలమే గదా అని అడగవచ్చు. అక్కడే ఇంకో సంగతి జరిగింది.

బస్సులో యాత్రకు వచ్చిన పల్లెటూరి వాళ్ళ గుంపు ఒకటి లోపలికి వచ్చింది. అందులో ఒక నడివయసు స్త్రీ, చేతులు చూస్తే నాటు వేసే చేతులు, శివుడి ముందు చెప్పులు విడిచి దణ్ణం పెట్టింది. కాపలా మనిషి "ఇది కోవిల కాదమ్మా" అన్నాడు మెత్తగానే. ఆమె అతన్ని పట్టించుకోకుండా పక్కనున్న నా మిత్రుణ్ణి అడిగింది: "ఈ స్వామిది ఏ ఊరు?" మిత్రుడు చీటీ చదివి ఊరి పేరు చెప్పాడు. "అయితే ఆ ఊళ్ళో ఇప్పుడెవరున్నారు?" అంది. ఆయన దగ్గర జవాబు లేదు. ఆమె కాసేపు చూసి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

ఈ చిన్న సంఘటన నాకు రెండు విషయాలు చెప్పింది. ఒకటి, మ్యూజియం చేసిన మేలు. ఆమె తాతకు ఆ గుడి గడప దాటే హక్కు ఉండి ఉండకపోవచ్చు. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టాలు వచ్చింది 1939లోనూ 1947లోనూ. ఉత్సవమూర్తి వీధుల్లోకి వచ్చినా రథవీధులు చేరి దాకా పోవు. టిక్కెట్టు కొన్న ఎవరైనా సరే ఇక్కడ శివుడికి మూరెడు దూరంలో నిలబడవచ్చు. కులం అడిగేవాడు లేడు. ఈ సంగతిని తక్కువ చేసి మాట్లాడటం మనకు తగదు.

రెండోది, చీటీ లోపం. ఆమె అడిగినట్టు అడగడం చీటీకి రాదు. చీటీ ఊరు చెబుతుంది, శతాబ్దం చెబుతుంది. ఊరికీ విగ్రహానికీ మధ్య తెగిన సంబంధం చెప్పదు. చేసినవాణ్ణి చెప్పదు. ఎవరు చూడటానికి వీల్లేదో చెప్పదు. అదే హాలులో సర్ఫోజీ రాజు పాలరాతి విగ్రహం ఉంది. దాన్ని చెక్కిన ఇంగ్లీషు శిల్పి పేరు అందరికీ తెలుసు. రాజు బొమ్మ చేసిన దొరకు పేరుంది, దేవుడి బొమ్మ చేసిన కంసాలికి శతాబ్దం మాత్రమే ఉంది.

ఊరితో తెగిన ఆ సంబంధాన్ని బజారు ఎలా వాడుకుంటుందో కూడా మనకు తెలుసు. పత్తూరులో 1976లో ఒక కూలి తవ్వుతుంటే దొరికిన నటరాజు లండన్ చేరి, కోర్టుల్లో నలిగి, 1991లో తిరిగి వచ్చాడు. శ్రీపురందాన్ గుడి నుంచి దొంగలు ఎత్తుకుపోయిన నటరాజును ఆస్ట్రేలియా జాతీయ కళామందిరం 2008లో యాభై లక్షల డాలర్లకు పైగా పోసి కొని, 2014లో తిరిగి ఇచ్చింది. తవ్విన కూలికీ, పోసిన స్థపతికీ ఆ డాలర్లలో చోటు లేదు.

ఈ కళామందిరంలోనే నల్లరాతి ద్వారపాలకుడు ఒకడున్నాడు. చోళుల శిల్పాలలో కలవడు, పనితనం వేరు. పీఠం మీద తమిళ శాసనం ఉంది. కల్యాణపురాన్ని తగలబెట్టి విజయరాజేంద్రుడు తెచ్చిన ద్వారపాలకుడని దాని సారం. విజయరాజేంద్రుడు అంటే రాజాధిరాజ చోళుడు, రాజరాజుకు మనుమడు. కల్యాణపురం పశ్చిమ చాళుక్యుల రాజధాని. కాల్చినవాడూ శివభక్తుడే, కాలిన ఊళ్ళోనూ కొలుపులు అందుకున్నది శివుడే. పదకొండో శతాబ్దపు ఈ దోపిడి సొమ్ము దారాసురం గుడి మీదుగా ఇక్కడికి చేరింది.

దేవుళ్ళను ఎవరు ఎత్తుకుపోయారు, గుళ్ళను ఎవరు కాల్చారు అని ఈనాడు లెక్కలు తీసేవాళ్ళు ఒక మతం పేరే చదువుతారు. తరువాతి కాలపు దండయాత్రల్లో గుళ్ళు దెబ్బతినలేదని ఎవరూ అనరు. భయపడి పాతిపెట్టిన విగ్రహాలే గదా నేలలో దొరికేవి. కాని ఆ లెక్క నిజాయితీగా తీయాలంటే ఈ ద్వారపాలకుణ్ణి కూడా సాక్షిగా పిలవాలి. శత్రురాజు దేవుణ్ణి తెచ్చి తన గుమ్మంలో నిలబెట్టడం రాజుకు విజయచిహ్నం. అది మతం పని కాదు, రాజ్యం పని. మనం గతాన్ని వదిలేస్తే ఇలాంటి సాక్షులు కూడా పోతారు. వదిలేసిన గతాన్ని ఎవరో ఒకరు ఎత్తుకుంటారు, వాళ్ళ అవసరానికి తగినట్టు చెబుతారు. ఇప్పుడు జరుగుతున్నది అదే.

ఇక మన సాహిత్య విమర్శ సంగతి. ఈ రాజమందిరంలో పుట్టిన తెలుగు సాహిత్యానికి మన చరిత్రకారులు 'క్షీణయుగం' అని పేరు పెట్టారు. సంస్కర్తలు శృంగారం చూసి ముక్కు మూసుకున్నారు. వాళ్ళ తరువాత వచ్చిన మనమూ రాజాస్థానం అన్న మాట చూసి పుస్తకం మూసేశాం. కారణాలు వేరు, ఫలితం ఒకటి. మరాఠా ప్రతాపసింహుడి కొలువులోని ముద్దుపళని 'రాధికాసాంత్వనం' రాసింది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని సరిగా అచ్చు వేయిస్తే, 1911లో ఇంగ్లీషు ప్రభుత్వం నిషేధించింది. 1947 దాకా ఆ నిషేధం పోలేదు. రాసినది దేవదాసీ కులపు స్త్రీ, అచ్చు వేయించినది దేవదాసీ కులపు స్త్రీ. కంచు దేవి నడుమును కళ అని గాజుపెట్టెలో పెట్టుకున్న పెద్దమనుషుల లోకం, ఒక ఆడది తన మాటల్లో చెప్పిన కోరికను బూతు అంది. ఆ పద్యాల్లో ఆస్థానపు రుచి ఉంది, నిజమే. ఆస్థానం అడిగిన దానికంటే ఎక్కువ కూడా ఉంది. ఆ ఎక్కువను వెతకవలసిన బాధ్యత మనది. పట్టు కప్పే వీపును కూడా చెక్కినవాడిలాగే ఆమె కూడా, అడగని చోట పని చేసింది.

కాబట్టి మన ముందు రెండు తేలిక దారులున్నాయి. దేవుడి బొమ్మ గనక దణ్ణం పెట్టడం ఒకటి, దేవుడి బొమ్మ గనక వెళ్ళిపోవడం రెండోది. రూపాన్ని మాత్రమే చూసి మురిసిపోయే మ్యూజియం చూపు మూడోది, అది మొదటి దానికి చదువుకున్న తమ్ముడు. ఈ మూడింటిలోనూ మనిషి కనిపించడు. విద్యార్థి మిత్రులకు నేను చెప్పదలచినది ఇంతే. ఆ విగ్రహం ముందు కాసేపు నిజంగా నిలబడండి, అందాన్ని అందమని ఒప్పుకోండి. ఆ తరువాత ఆ అందం దేని మీద ఆని నిలబడిందో అడగండి. ఒప్పుకోకుండా అడిగితే అది నినాదం అవుతుంది. ఒప్పుకుని అడగకపోతే అది భక్తి అవుతుంది.

బయటికి వస్తూ ఇంకోసారి వెనక్కి వెళ్ళి చూశాను. శివుడు అలాగే లేని ఎద్దు మీద చేయి వేసి నింపాదిగా ఉన్నాడు. ఎద్దు లేకపోవడమే ఈ శిల్పానికి అందం తెచ్చిందని కళాభిమానులు అంటారు. నాకు అలా తోచలేదు. దున్నేది ఎద్దు, మోసేది ఎద్దు, చీటీ మీద లేనిదీ ఎద్దే.

"ఇప్పుడేమంటారు?" అన్నాడు మిత్రుడు గుమ్మం దగ్గర.

"మళ్ళీ రావాలి" అన్నాను. "ఈసారి ముందు తిరువెన్‌కాడు వెళ్ళి వద్దాం. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడే ఉంటుంది."